ములుగు అక్షరాస్యత కోసం ఖమ్మం ఫైలు కూడా తెరవాలి

ములుగు జిల్లాలో 2011 నాటి అక్షరాస్యత ఎంతో తేల్చాలని కూర్చున్న విద్యార్థి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. జనగణన పట్టికల్లో ములుగు అనే జిల్లాయే కనిపించదు. అప్పుడు ఉన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 23 జిల్లాలు. ములుగు, గోవిందరావుపేట, తాడ్వాయి, ఏటూరునాగారం, మంగపేట మండలాల అంకెలు వరంగల్ కింద ఉంటాయి. వాజేడు, వెంకటాపురం ఖమ్మం కింద ఉంటాయి. పైగా వరంగల్ వైపు వెంకటాపూర్ అని ఇంకో మండలం ఉంది. పేరు చూసి అంకె తీసుకుంటే ఒకదాని లెక్క ఇంకోదానికి వచ్చేస్తుంది. జనగణన ఒక్కో మండలానికి, ఊరికి ఇచ్చిన కోడ్ నంబరు చూసే తీసుకోవాలి.

ప్రభుత్వం సమాచారం దాచిపెడుతుందని తరచూ అంటుంటాం. జనగణన విషయంలో ఆ మాట పూర్తిగా నిజం కాదు. సెన్సస్ వెబ్‌సైట్‌లో ఊరి స్థాయి వరకు ఎక్సెల్ ఫైళ్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఒక్కో ఇంటివాళ్లు ఏం చెప్పారన్న ఫారాలు మాత్రం బయటికి ఇవ్వరు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ దాన్ని కాపాడుతోంది, కాపాడాలి కూడా. అసలు ఇబ్బంది దారి చూపేవాళ్లు లేకపోవడం. పట్టిక పేరులో ముందుండే అక్షరం బి అంటే పనివాళ్ల వివరాలనీ, సి అంటే భాష, మతం, చదువు లాంటివనీ, డి అంటే వలసలనీ తెలియని మనిషి ఆ పట్టికల పేర్లు చూసి ఏం వెతుక్కుంటాడు? తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు ఎంతమందో సి-16 పట్టికలో ఉంది. ఆ నంబరు తెలిస్తే అయిదు నిమిషాల పని, తెలియకపోతే వారం.

అందరూ మొదట తెరిచేది ప్రైమరీ సెన్సస్ యాబ్‌స్ట్రాక్ట్, అంటే జనాభా, అక్షరాస్యుల లాంటి ముఖ్యమైన అంకెలన్నీ ఉండే పట్టిక. అందులో ఒక్కో మండలానికి మొత్తం, గ్రామీణం, పట్టణం అని వేర్వేరు వరసలు ఉంటాయి. జిల్లా వరస, మండలం వరస, ఊరి వరస అన్నీ ఒకే షీట్‌లో ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఫిల్టర్ పెట్టకుండా కాలమ్ మొత్తం కూడితే జనాభా ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. అక్షరాస్యతలో ఇంకో మెలిక. ఏడేళ్లు నిండని పిల్లలను మొత్తం జనాభాలోంచి తీసేసి, మిగిలినవాళ్లలో చదువొచ్చినవాళ్లు ఎంత శాతమో చూడాలి. పిల్లలను తీయకుండా భాగిస్తే ఊరు ఉన్నదానికంటే వెనకబడినట్టు కనిపిస్తుంది. ములుగు కోసమైతే ఎనిమిది మండలాల అంకెలు ముందు కూడి, ఆ తర్వాతే శాతం కట్టాలి. మండలాల శాతాలకు సగటు తీస్తే తప్పు, ఎందుకంటే మండలాల జనాభా సమానం కాదు.

ఏ అంకె వాడాలన్నదీ చూసుకోవాలి. ఉమ్మడి రాష్ట్ర జనాభా 8,46,65,533 అని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. అది 2011లో మొదట ప్రకటించిన తాత్కాలిక అంకె. తుది లెక్క 8,45,80,777. ఇక తెలంగాణ జనాభా ఒకచోట 3,51,93,978 అనీ, ఇంకోచోట 3,50,03,674 అనీ ఉంటుంది. రెండూ సరైనవే. మధ్యలో ఉన్న 1,90,304 మంది పోలవరం ముంపు మండలాలతో పాటు 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లినవాళ్లు. ఏ హద్దులతో లెక్క కట్టారో ఒక్క వాక్యం రాయకపోతే ఆ పరిశోధనను నమ్మడం కష్టం.

వెనక్కి వెళ్లేకొద్దీ ఈ హద్దుల గొడవ ముదురుతుంది. 1985లో మండలాలు వచ్చాయి, కాబట్టి 1981 లెక్కలు తాలూకాల్లో, 1991 లెక్కలు మండలాల్లో ఉంటాయి. 1931కి వెళ్తే కోస్తా, రాయలసీమ వివరాలు మద్రాసు సంపుటాల్లో, తెలంగాణవి నిజాం హైదరాబాద్ సంపుటాల్లో వెతకాలి. అయినా పాత సంపుటాలు తప్పక చూడండి. 1961 జనగణనలో మన రాష్ట్రంలో కొన్ని ఊళ్ల మీద విడిగా పుస్తకాలే వేశారు, జాతరల మీద జిల్లాల వారీగా సంపుటాలు తెచ్చారు. ఊరి చరిత్ర రాసేవాళ్లకు అంత సరుకు ఇంకెక్కడా దొరకదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది తండాల సంగతి. జనగణన లెక్కపెట్టేది రెవెన్యూ గ్రామాన్ని. మనుషులు లేని బేచిరాక్ గ్రామానికి కూడా జాబితాలో పేరు, కోడ్ ఉంటాయి. వందల మంది బతుకుతున్న తండాకు ఉండవు. దాని జనం పక్క ఊరి అంకెలో కలిసిపోతారు. 2018 చట్టంతో తెలంగాణలో ఎన్నో తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. ఆ తండాలో పుట్టి యూనివర్సిటీ దాకా వచ్చిన అమ్మాయి తన ఊరి మీద పేపర్ రాయాలంటే 2011 లెక్కల్లో తన ఊరి పేరే దొరకదు.

ఊళ్లు, పంచాయతీల కోడ్‌లు ఉండే ప్రభుత్వ జాబితా లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఊరి 2011 కోడ్, ఇప్పటి మండలం, జిల్లా దొరుకుతాయి కాబట్టి కొంత పని ఇప్పుడే చేసుకోవచ్చు. కానీ ఒక్కో పరిశోధకుడు ఆ జోడింపు మళ్లీ మొదటి నుంచి చేసుకోవడం ఏం న్యాయం? కొత్త జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఆ పట్టికలు బయటికి వచ్చే రోజునే 2011 ఊరి కోడ్‌కు ఎదురుగా ఇప్పటి ఊరు, పంచాయతీ, మండలం, జిల్లా చూపే ఒక ఫైలు రెండు రాష్ట్రాలకూ పెట్టాలి. అందులో పంచాయతీలైన తండాలకూ, గూడేలకూ వాటి పేర్లతోనే వరసలుండాలి.