తాళంకప్ప గారికి నమస్కారం

ఈ నగరంలో ఫీజు తీసుకోకుండా, కోటు వేసుకోకుండా దావాలు ఆపే వకీలు ఒకరున్నారు. పేరు తాళంకప్ప. బేగంబజార్‌లో దొరుకుతారు. ప్రతివాది గేటుకు వేలాడితే చాలు, సమన్ల మీద ‘డోర్ లాక్డ్’ అని రెండు ముక్కలు పడతాయి, కేసు మళ్లీ వాయిదాకు పోతుంది. పురానీ హవేలీ మ్యూజియంలో ఆరో నిజాం బట్టల బీరువా చూపిస్తారు. ఒకసారి తొడిగిన బట్ట ఆయన మళ్లీ తొడగలేదంటారు. మన ప్రతివాదులది అంత దుబారా కాదు, పదేళ్లూ ఒకే తాళంతో నెట్టుకొస్తారు.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ రాసినవాళ్లు తాళాలు ఎరగని అమాయకులేం కాదు. అందులో ఐదో ఆర్డరంతా, అంటే ఐదో అధ్యాయమంతా, సమన్ల గురించే. మనిషి దొరికితే చేతికివ్వాలి. లేకపోతే ఆ ఇంటి పెద్దవాళ్లెవరికైనా ఇవ్వొచ్చు (1976 సవరణకు ముందు మగవాళ్లకే), పనిమనిషికి మాత్రం ఇస్తే చెల్లదు. పోస్టులో వస్తే ‘తీసుకోను’ అని తిప్పి పంపినా అందినట్టే లెక్క. అందుకే తెలివైన ప్రతివాది ‘తీసుకోను’ అనడు. తాళం వేస్తాడు.

మిట్టమధ్యాహ్నం ప్రాసెస్ సర్వర్, అంటే సమన్లు అందించే కోర్టు ఉద్యోగి, వస్తాడు. ఇంటి నంబరులో నాలుగు గీతలు, ఒక ‘బై’, చివర ఒక ‘ఏ’. మసీదు వెనక సందు, కిరాణా దుకాణం ఎదురు. గేటుకు తాళం. మేడ మీద లుంగీ ఇంకా నీళ్లు కారుతోంది.

‘ఉన్నడా?’ అని పక్కనున్నవాళ్లను అడుగుతాడు.

‘ఇప్పుడే పోయిండు.’

‘ఎప్పుడొస్తడు?’

‘మీరు పోయినంక.’

అంతలో లోపలి నుంచి కుక్కర్ మూడు విజిళ్లు వేస్తుంది. ఇక్కడ గంభీరమైన న్యాయ సందేహం ఉంది: కుక్కర్ కుటుంబ సభ్యుల కిందకు వస్తుందా? ఇంటివాళ్లకివ్వొచ్చన్న పదిహేనో రూలులో ఆ ప్రస్తావన లేదు. లుంగీ మీద అంటించవచ్చా? ఆరాక చెప్పాలి. నిజానికి పదిహేడో రూలు ఉంది. ఎంత వెతికినా మనిషి దొరక్క, త్వరలో దొరికే ఆశా లేక, అతని తరఫున పుచ్చుకునే ఏజెంటూ లేకపోతే, ఒక ప్రతిని వీధి తలుపుకు అంటించవచ్చు. అంటే తాళం వేసిన తలుపు కూడా సమన్లు పుచ్చుకోగలదు. తలుపుకున్న ఈ అర్హత సంగతి వాదికి చెప్పే నాథుడుండడు.

అతనికి చెప్పేదొకటే: ‘వచ్చే వాయిదాకు రండి.’ సమన్లు అందకుండా తిరిగొచ్చిన రోజు నుంచి ఏడు రోజుల గడువు నడుస్తుందని ఎవరూ అనరు. ఆలోగా తాజా సమన్లకు అర్జీ పెట్టుకోకపోతే, తగిన కారణం చూపకపోతే, తొమ్మిదో ఆర్డరు ఐదో రూలు కింద దావానే కొట్టేయొచ్చు. తాళం వేసినవాడు ఇంట్లో పప్పన్నం తింటుంటే శిక్ష తలుపు తట్టినవాడికి! నెలజీతం తెగ్గోసుకుని బస్సెక్కి వచ్చే మనిషికి ‘సమన్లు పంపే బ్యాటా ఇంత, అర్జీ ఇలా, గడువు ఇది’ అని ఒక ముక్క గోడ మీద రాసి పెట్టలేరా? సున్నం వేయడానికి డబ్బులుంటాయి, దాని మీద నాలుగు తెలుగు వాక్యాలకు ఉండవా?

వాది చేతిలో ఇంకో దారి కూడా ఉంది. దస్తీ. మన ఊళ్లో దస్తీ అంటే చేతిరుమాలు. కోర్టులో మాత్రం, అర్జీ పెడితే సమన్లు వాది చేతికే ఇచ్చి ‘నువ్వే ఇచ్చిరా’ అనడం. దానికోసం తిరిగినప్పుడు మొదటి రకం దస్తీ కూడా జేబులో ఉండాలి. అదీ పారకపోతే, కావాలనే తప్పించుకుంటున్నాడని అఫిడవిట్ వేసి ఇరవయ్యో రూలు అడగాలి: కోర్టులోనూ, అతను చివరగా ఉన్న ఇంటి మీదా అంటింపు, లేదా ఆ ప్రాంతంలో నడిచే దినపత్రికలో ప్రకటన. ప్రకటన ఖర్చు ఎవరిదని అడక్కండి.

అంటింపులో అసలు కిటుకు తలుపు మీద కాదు, రిపోర్టులో ఉంటుంది. ఎప్పుడు అంటించారు, ఏ పరిస్థితుల్లో, ఇల్లు చూపించిందెవరు, ఎవరి ఎదుట జరిగింది అన్నీ పేర్లతో ఉండాలి. ‘డోర్ లాక్డ్, అంటించడమైనది’ అని సరిపెడితే వాది ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది రాకుండానే ఇచ్చే తీర్పు) తెచ్చుకుని మిఠాయి పంచిన ఏడాదికి ప్రతివాది తీరిగ్గా దిగుతాడు. సమన్లు సరిగా అందలేదని తేలితే, దాన్ని రద్దు చేయమని అడగడానికి, డిక్రీ సంగతి తనకు తెలిసిన రోజు నుంచి ముప్పై రోజులు అతనికి గడువు. అఫిడవిట్‌లో రాసేది ఒక్కటే, ఆ రోజు ఊళ్లో లేనని. కుక్కర్ సంగతి అందులో ఉండదు.