సవరణ: వైద్యుల శిక్షణలో ఎవరి బాధ్యత ఎంత

వైద్యుల శిక్షణపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో, సమాజ ఆరోగ్య అవసరాలను గుర్తించి వాటికి తగిన వైద్యులను తయారుచేసే బాధ్యత పూర్తిగా వైద్య కళాశాలలదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1995లో చెప్పినట్లు పేర్కొన్నాను. అది తప్పు. వైద్య కళాశాలల సామాజిక బాధ్యతకు ఆ సంస్థ ఇచ్చిన నిర్వచనం ప్రకారం, కళాశాలలు తమ బోధనను, పరిశోధనను, సేవలను తమ పరిధిలోని ప్రజల ముఖ్యమైన ఆరోగ్య సమస్యల వైపు మళ్ళించాలి. అయితే ఆ సమస్యలేవో గుర్తించవలసింది ప్రభుత్వాలు, ఆరోగ్య సేవా సంస్థలు, వైద్య వృత్తిలో ఉన్నవారు, ప్రజలు కలిసి. ఈ రెండో భాగాన్ని వదిలేయడం వల్ల నా వాదన మొత్తం ఒక పక్కకు ఒరిగింది. బోధన, పరీక్షలు కళాశాల చేతిలో ఉంటాయి గానీ, పట్టా తర్వాతి శిక్షణ స్థానాలు, మారుమూల ప్రాంతాల్లో ఉద్యోగాలు, అక్కడి జీతాలు చాలావరకు ప్రభుత్వ నిర్ణయాలపైనే ఆధారపడతాయి. కుటుంబ వైద్యాన్ని ఎంత శ్రద్ధగా బోధించినా, ఆ పని చేయడానికి కొలువులే లేకపోతే పట్టభద్రులు వేరే విభాగాలను వెతుక్కుంటారు. అందుకు కళాశాలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

మరొక చిన్న సవరణ: అమెరికా, కెనడాల వైద్య కళాశాలలపై 1910లో వెలువడిన ఫ్లెక్స్‌నర్ నివేదికను ప్రభుత్వ నివేదిక అన్నాను. దాన్ని ప్రచురించింది కార్నెగీ ఫౌండేషన్ అనే ప్రైవేటు సంస్థ. రాసిన ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ వైద్యుడు కూడా కాదు, విద్యావేత్త.