నూనె సీసా అధ్యక్షతన

మా వంటింట్లోకి కొత్తగా వచ్చిన నూనె సీసా మీద ‘కొలెస్ట్రాల్ బొత్తిగా లేదు’ అని వేలెడు ఎత్తు అక్షరాలతో ఉంది. పక్కనే ఎర్రటి గుండె బొమ్మ. ఆ గుండె నవ్వుతోంది. అది చూసినప్పటినుంచీ నాకు నిద్ర పట్టడం లేదు, సంతోషంతో.

గింజలు పిండి తీసిన నూనెలో కొలెస్ట్రాల్ లేకుండా చేయడమంటే మాటలా! కొలెస్ట్రాల్ జంతువుల ఒంట్లో తయారయ్యే సరుకు. మాంసంలో, వెన్నలో, గుడ్డు సొనలో ఉంటుంది. మొక్కల్లో లెక్కలోకి వచ్చేంత ఏనాడూ లేదు. ఈ కంపెనీ పుట్టకముందూ లేదు, సీసా అనేది పుట్టకముందూ లేదు. అయినా లేనిదాన్ని లేదని ఒప్పుకోవడానికి ఎంత నిజాయితీ కావాలి! ఆ మాటకొస్తే మా కుర్చీలోనూ కొలెస్ట్రాల్ లేదు. బకెట్‌లో లేదు. తలుపు గొళ్ళెంలో లేదు. పాపం, వాటికి గుండె బొమ్మ వేసే నాథుడు లేడు.

అందుకే నిన్న రాత్రి మా భోజనాల బల్ల మీద సభ జరిగింది. అధ్యక్షస్థానంలో నూనె సీసా. మొదట పండ్లరసం డబ్బా లేచి, ‘నాలో ఒక్క పలుకు చక్కెర కూడా కలపలేదు’ అంది. పండులోంచి వచ్చిన చక్కెర సంగతి ఎవరూ అడగలేదు, సభా మర్యాద. తర్వాత, ఒళ్ళంతా పంచదారే అయిన పిప్పరమెంటు బిళ్ళల పొట్లం ‘నాలో కొవ్వు లేదు’ అని గద్గద స్వరంతో చెప్పుకుంది. బిస్కెట్ పొట్లం తనలోని పీచు గురించి అరగంట మాట్లాడింది. ఆ పీచు ఎంతని మాత్రం చెప్పలేదు. చిట్టచివర ఉప్పు డబ్బా లేచింది. ‘నాలో కొవ్వు సున్నా. చక్కెర సున్నా. కొలెస్ట్రాల్ సున్నా. ఆఖరికి కేలరీలు కూడా సున్నా’ అంది. ఒక్క అబద్ధం లేదు. సభ మొత్తం లేచి నిలబడింది. బీపీ మిషన్ ఒక్కటే చప్పట్లు కొట్టలేదు. చేతికి పట్టీ ఉందని వంక పెట్టింది.

సభలో రాని విషయం ఒకటుంది. మన రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం లివరే తయారుచేస్తుంది. చెడు కొలెస్ట్రాల్‌ను ఎగదోయడంలో సంతృప్త కొవ్వులు (వెన్నలా గడ్డకట్టే రకం), ట్రాన్స్ కొవ్వులే (నూనెను వనస్పతిలా గట్టిపరిచినప్పుడు పుట్టేవి) పెద్ద చేయి. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. కొబ్బరి నూనెలో 80 శాతం పైనే. రెండింటి సీసాల మీదా ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాసినా అబద్ధం కాదు. ఇక బరువు తగ్గుదామనుకునేవాళ్ళకి: ఏ నూనైనా గ్రాముకి 9 కేలరీలే. పెద్ద చెంచాడు పోస్తే 120. గుండె బొమ్మకి డిస్కౌంటేమీ లేదు.

నిజం చెప్పలేదా అంటే చెప్పారు, సీసా వెనకవైపు. చీమ కూడా ఒంగి చదవాల్సిన సైజులో. పొట్లాల మీద ఉప్పు అని రాయరు, సోడియం అంటారు, అదీ మిల్లీగ్రాముల్లో. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది. రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కానీ పొట్లం మీది అంకె ‘వంద గ్రాములకి’, కాకపోతే ‘ఒక వడ్డనకి’. పొట్లం బరువెంతో, అందులో ఎన్ని వడ్డనలో ఇంకో మూల వెతుక్కోవాలి. ఈ లెక్కలన్నీ ఎవరు చేయాలి? బీపీ వచ్చిన వయసువాళ్ళు. అంటే చత్వారం వచ్చినవాళ్ళు!

మా పెద్దనాన్న బీపీ మనిషి. డాక్టర్ చెప్పాడని గుడ్డు మానేశాడు, వెన్న మానేశాడు, కూరలో ఉప్పు సగానికి తగ్గించాడు. సాయంత్రం మాత్రం ‘నూనెలో వేయించలేదు, కొలెస్ట్రాల్ లేదు’ అన్న పొట్లం ఒకటి విప్పేవాడు. రోజూ. ఉప్పు తగ్గించిన కూరలో లేని రుచంతా అందులో దొరికేది మరి. బీపీ నొప్పి పెట్టదు, కేకలు వేయదు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆ ఒక్క పొట్లమే చేసిందని నేను అనను. కానీ చూడటానికి వచ్చిన ప్రతివాడూ ‘నోరు కట్టుకోవాల్సింది’ అని పోయాడే, అది నాకు మంట. కట్టుకున్నాడయ్యా! ఆ ఇంట్లో ఆయన కట్టుకున్నంత ఎవరూ కట్టుకోలేదు. అట్ట మీద అచ్చయిన మాట నమ్మాడు, అంతే. నమ్మేలా రాసినవాడి నోరు ఎవడు కట్టాలి? ‘మేం రాసింది నిజమే కదా’ అంటాడు వాడు. నిజమే. ముందువైపు కొండంత నిజం నిలబెట్టి, దాని వెనక చీమంత నిజాన్ని దాచిపెట్టే సిగ్గులేనితనానికి చట్టంలో ఏం పేరుందో కానీ, మా ఇంట్లో దాన్ని మోసం అనే అంటాం.

ఇప్పుడు ఇంట్లోకి ఏ పొట్లం వచ్చినా పెద్దనాన్న కుడి చేత్తో దాన్ని తిరగేసి నా ముందు పెడతాడు. ‘ఏరా, వెనకేం రాశాడో చదువు’ అంటాడు. నిన్న నూనె సీసా పెట్టాడు. అద్దాలు తుడిచాను. దీపం కిందికి తీసుకెళ్ళాను. దగ్గరగా పెట్టాను, దూరంగా పెట్టాను.

‘ఆ గుండె బొమ్మ బాగా కనిపిస్తోందిరా’ అన్నాడు ఆయన, మంచం మీదనుంచే.