సెర్బియన్ భాష జర్మన్ కన్నా తేలికా? తిరుగుతున్న ఐదు మాటలకు జవాబు

యూరప్ భాష ఒకటి నేర్చుకోవాలనుకునేవాళ్ల ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "జర్మన్ జోలికి పోకండి, సెర్బియన్ పట్టుకోండి. రాసినట్టే చదవొచ్చు. డేర్, డీ, డాస్ లాంటి ఆర్టికల్స్ లేవు. మాట చివర చూస్తే లింగం తెలిసిపోతుంది. వాక్యంలో మాటల్ని ఎలా పేర్చినా చెల్లుతుంది. పైగా ఈ రెండు భాషలకూ ఏ సంబంధమూ లేదు, జర్మన్ వచ్చినందువల్ల ఒరిగేదేమీ లేదు." వీటిలో కొంత నిజం ఉంది. దానికి అంటుకుని ఉన్న తప్పే చేటు చేస్తుంది.

"రాసినట్టే చదవొచ్చు." చాలామటుకు సరే. సెర్బియన్‌లో 30 ధ్వనులు, సిరిలిక్ లిపిలో 30 అక్షరాలు. సెర్బియన్ భాషా సంస్కర్త వూక్ కరాజిచ్ 1818లో వియన్నాలో అచ్చువేయించిన నిఘంటువుతో ఈ పద్ధతి నిలదొక్కుకుంది, 1868లో సెర్బియాలో అధికారికమైంది. కానీ ఆ లిపి చూపించనిది ఒకటుంది: అచ్చు పొడవు, స్వరం. "గ్రాద్" అంటే నగరం, "గ్రద్" అంటే వడగళ్లు. తెలుగులో రాస్తే దీర్ఘంతో తేడా తెలిసిపోతుంది. సెర్బియన్‌లో రెండింటినీ ఒకేలా రాస్తారు. "లుక్" ఉల్లిపాయ, "లూక్" విల్లు; రాతలో ఇవీ ఒకటే. పొడవుతో పాటు స్వరం ఎక్కడం, దిగడం కూడా ఉంది కాబట్టి మొత్తం నాలుగు రకాల ఊనికలు (మాటను నొక్కి పలికే తీర్లు). "గొరె" అనే మాటను నాలుగుసార్లు వరసగా రాస్తే "పైన అడవులు ఇంకా ఘోరంగా మండుతున్నాయి" అనే వాక్యం అవుతుంది. కాగితం మీద నాలుగూ ఒకటే, నోట్లో కాదు. అందుకే మాట నేర్చుకునేటప్పుడే చెవితో నేర్చుకోవాలి. ఊనిక గుర్తులు వేసిన నిఘంటువు లేకుండా పుస్తకం చదివి నేర్చుకున్న ఉచ్చారణను తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

రాతలో మినహాయింపులూ ఉన్నాయి. "స్ర్బిన్" నుంచి వచ్చిన విశేషణాన్ని పలికినట్టే "స్ర్‌ప్‌స్కి" అని 'ప'తో రాస్తారు. కానీ ద్ తర్వాత స్ గానీ ష్ గానీ వస్తే ద్ అలాగే ఉండాలి: "గ్రాద్‌స్కి" అని రాసి "గ్రాత్‌స్కి" అని పలుకుతారు. ఇక పదాంతంలో జర్మన్ అలవాటు పనికిరాదు. జర్మన్‌లో చక్రానికీ సలహాకీ స్పెల్లింగ్ వేరు, ఉచ్చారణ మాత్రం ఒక్కటే: "రాట్". పదం చివరి 'డ' ఎప్పుడూ 'ట' అయిపోతుంది, నియమం తప్పదు. సెర్బియన్‌లో "రాద్" అంటే పని, "రత్" అంటే యుద్ధం. అక్కడ చివరి 'ద'ను మింగితే అర్థమే మారిపోతుంది. ఈ 'త', 'ద'లు మన దంత్యాలే కావడం తెలుగువాళ్లకు కలిసొచ్చే విషయం. చాప, చుక్క అనేటప్పుడు పలికే 'ౘ' కూడా రెండు భాషల్లోనూ ఉంది.

"ఆర్టికల్స్ లేవు, వ్యాకరణం సగం తగ్గింది." తగ్గలేదు, చోటు మారింది. జర్మన్‌లో విభక్తి బరువు ఎక్కువగా ఆర్టికల్ మోస్తుంది. కుక్క అనే నామవాచకం తనంతట తాను తీసుకునే రూపాలు నాలుగే: హుంట్, హుండెస్, హుండె, హుండెన్. సెర్బియన్‌లో ఆ బరువంతా నామవాచకం చివరే పడుతుంది. విభక్తులు ఏడు, వచనాలు రెండు, మొత్తం 14 గళ్లు. అయితే ఏడు అనగానే బెదరాల్సిన పనీ లేదు. "గ్రాద్" మాటకు 14 గళ్లలో రాతను బట్టి వచ్చే వేరువేరు రూపాలు తొమ్మిదే, బహువచనంలో మూడు విభక్తులకు "గ్రదొవిమ" ఒక్కటే సరిపోతుంది. సంబోధనకు వేరే రూపం ఉండటం మనకు వింతే కాదు: రాముడు, రామా అన్నట్టే ఇవాన్, ఇవానె.

ద్వితీయలో ఇంకా దగ్గరి పోలిక ఉంది. మనం "కుక్కని చూశాను" అంటాం, కానీ "ఇల్లు చూశాను" అన్నా చాలు. సెర్బియన్ పుంలింగ ఏకవచనంలోనూ ప్రాణం ఉన్నదానికే రూపం మారుతుంది: మనిషి "చొవెక్", మనిషిని "చొవెక", నగరం మాత్రం "గ్రాద్"గానే ఉంటుంది. ఇది పట్టుకోవడం మనవాళ్లకు సులువు.

మనం తప్పటడుగు వేసేది "తో" దగ్గర. పెన్సిల్‌తో రాస్తాను, స్నేహితుడితో వెళ్తాను: తెలుగులో రెండింటికీ ఒకటే ప్రత్యయం, జర్మన్‌లోనూ రెండింటికీ "మిట్". సెర్బియన్‌లో తోడుకు ముందు "స" పెట్టాలి, పనిముట్టుకు పెట్టకూడదు. "పిషెమ్ ఒలొవ్కొమ్" అంటే పెన్సిల్‌తో రాస్తున్నాను. అక్కడ "స" చేర్చితే పెన్సిల్‌ను వెంటబెట్టుకుని రాస్తున్నట్టు వినిపిస్తుంది.

అంకెల దగ్గరా జాగ్రత్త కావాలి. 2, 3, 4 తర్వాత ఒక రూపం (ద్వా గ్రాద), 5 నుంచి ఇంకొకటి (పెత్ గ్రదొవ). 21 దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఏకవచనం, 22కి మళ్లీ "గ్రాద". చివరి అంకెను చూసి నడవాలి. 11 నుంచి 14 వరకు మాత్రం 5 దారే. జర్మన్‌లో ఈ బాధ లేదు, బహువచనం ఒక్కటే. అయితే అక్కడ 21ని "ఒకటీ ఇరవై" అని తిరగేసి చెప్పాలి.

"లింగం చివర కనిపిస్తుంది." హల్లుతో ముగిస్తే పుంలింగం, 'అ'తో ముగిస్తే స్త్రీలింగం, 'ఒ', 'ఎ' అయితే నపుంసకం. ఇంతవరకు బాగానే ఉంది. కానీ రాత్రి (నొచ్), వస్తువు (స్త్వార్), ప్రేమ (ల్యుబవ్), నెత్తురు (క్ర్‌వ్) హల్లుతో ముగిసే స్త్రీలింగాలు. ఉప్పు (సొ) 'ఒ'తో ముగిసినా స్త్రీలింగమే. నాన్న (తత) పుంలింగం. ఇవన్నీ రోజూ నోట్లో మెదిలే మాటలు, వీటిని విడిగా గుర్తుపెట్టుకోక తప్పదు. జర్మన్‌లో మటుకు ఆధారాలు లేవా? -ఉంగ్, -హైట్, -కైట్ ప్రత్యయాలతో ముగిసేవన్నీ స్త్రీలింగాలు, -హెన్‌తో ముగిసేవి నపుంసకాలు. పైగా సెర్బియన్‌లో లింగం క్రియలోకీ పాకుతుంది. "పనిచేశాను" అనాలంటే మగవాళ్లు "రాదియొ సమ్", ఆడవాళ్లు "రాదిల సమ్". తెలుగులోనూ జర్మన్‌లోనూ "నేను" అన్నప్పుడు ఈ తేడా ఉండదు, అందుకే మగ టీచర్ దగ్గర నేర్చుకున్న అమ్మాయిలు పుంలింగ రూపమే వాడేస్తుంటారు.

"మాటల్ని ఎలా పేర్చినా చెల్లుతుంది." ఇది సగమే నిజం. పెద్ద మాటలు అటూఇటూ కదులుతాయి, చిన్న మాటలు కదలవు. ఊనిక లేని సహాయక క్రియలు, సర్వనామాలు వాక్యంలో రెండో స్థానాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి. తెలుగులోలాగే సెర్బియన్‌లోనూ "నేను" వదిలేయొచ్చు, చిక్కు అక్కడే. "యా సమ్ ఇజ్ ఇందియె" (నేను ఇండియా నుంచి వచ్చాను) అనే వాక్యంలో "యా" తీసేస్తే "సమ్" మొదటికి వస్తుంది, అది తప్పు. "ఇజ్ ఇందియె సమ్" అనాలి. ఆ చిన్న మాటల్లో మళ్లీ వరస ఉంది: సహాయక క్రియ, చతుర్థి, ద్వితీయ. "నేను అతనికి అది ఇచ్చాను" అంటే "దావొ సమ్ ము గ". "అతను ఇచ్చాడు" అయితే మాత్రం "యె" అనే సహాయక క్రియ చివరికి పోతుంది: "దావొ ము గ యె". జర్మన్ ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుందని ఇంగ్లీషువాళ్లు మొత్తుకుంటారు. "వైల్ ఇష్ క్రాంక్ బిన్" వరస "నాకు జబ్బుగా ఉంది" వరసే కదా, క్రియ చివర. మనకు దానిలో అంత కష్టమేముంది?

సందేశం ఊసెత్తని అసలు కొండ ఇంకొకటి: క్రియల జంటలు. జరుగుతూ ఉండే పనికి ఒక క్రియ, పూర్తయ్యే పనికి ఇంకొకటి. కొనడానికి "కుపొవతి", కొనేయడానికి "కుపితి". చదవడానికి "చితతి", చదివేయడానికి "ప్రొచితతి". మన "రాశాను, రాసేశాను" కొంత దారి చూపిస్తుంది, కానీ మనకు అది ఇష్టం, వాళ్లకు తప్పనిసరి. "మొదలుపెట్టాను" తర్వాత పూర్తయిన రూపం ఎన్నడూ రాకూడదు. ఇప్పుడు జరుగుతున్న పనికీ అది పనికిరాదు. జంటలో రెండో క్రియ ఎలా వస్తుందో చెప్పే ఒకే సూత్రం లేదు. కాబట్టి క్రియను ఎప్పుడూ జంటగానే నోటుపుస్తకంలో రాసుకోవాలి. జర్మన్‌లో ఈ వ్యవస్థే లేదు.

"సంబంధం లేదు." ఉంది, చాలా పాతది. రెండూ ఇండో-యూరోపియన్ భాషలే: చెల్లెలు "సెస్త్ర", "ష్వెస్టర్", మూడు "త్రి", "డ్రై". రొట్టెకు వాడే "హ్లెబ్" పాత జర్మానిక్ అరువు. వూక్ నిఘంటువు మాటలకు అర్థాలిచ్చింది జర్మన్, లాటిన్ భాషల్లో. ఆయన వ్యాకరణాన్ని 1824లో జర్మన్‌లోకి తెచ్చింది జర్మన్ భాషా పండితుడు యాకబ్ గ్రిమ్. "మాట్లాడినట్టే రాయి" అన్న సూత్రాన్ని కూడా వూక్ జర్మన్ పండితుడు ఆడెలుంగ్ దగ్గర తీసుకున్నాడు. ఇక మెకానిక్ షెడ్డులో, వంటింట్లో అడుగడుగునా జర్మన్ వినిపిస్తుంది: స్క్రూడ్రైవర్ "ష్రాఫ్‌ౘిగెర్", సైలెన్సర్ "ఔస్పుహ్", సీసా "ఫ్లాష", ఇటుక "ౘిగ్ల", టమాటా "పారదైజ్".

వ్యాకరణంలోనూ జర్మన్ అక్కరకొస్తుంది. బడికి వెళ్తే ద్వితీయ, బడిలో ఉంటే వేరే విభక్తి, ముందు వచ్చే మాట మాత్రం ఒకటే: జర్మన్‌లో "ఇన్", సెర్బియన్‌లో "ఉ". జర్మన్‌లో ఇది ఒంటబట్టినవాళ్లకు సెర్బియన్‌లో మళ్లీ మొదటినుంచి చెప్పనక్కర్లేదు. టైమ్ చెప్పే తీరూ అంతే. "పొల ఒసమ్" అంటే మాటకు మాట సగం ఎనిమిది, గడియారంలో ఏడున్నర. తెలుగు లెక్కలో ఎనిమిదిన్నర అనుకుంటే గంట ఆలస్యం. జర్మన్ "హాల్ప్ ఆఖ్ట్" తెలిసినవాళ్లు సరిగ్గా ఏడున్నరకే వస్తారు.