పదిహేనేళ్ల పిల్లకు రెండేళ్లు, నంబర్‌వన్‌కు మూడు నెలలు

2025 జులైలో ఒక శనివారం వింబుల్డన్ మహిళల ఫైనల్లో ఇగా స్వియాటెక్ ఒక్క గేమూ వదలకుండా 6-0, 6-0తో కప్పు ఎగరేసుకుపోయింది. ఆదివారం పురుషుల కప్పు అప్పటి ప్రపంచ నంబర్‌వన్ యానిక్ సినర్‌ది. ఇద్దరూ డోపింగ్ కేసుల్లో శిక్షపడి, అది ముగించుకుని వచ్చినవాళ్లే. చప్పట్లకు ఆ సంగతేమీ అడ్డం రాలేదు. మంగళవారం లుసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ‘కాస్’ బ్రిటన్ డబుల్స్ క్రీడాకారిణి తారా మూర్‌పై నాలుగేళ్ల నిషేధం వేసింది. ఆమె నమూనాలో తేలినవి బోల్డెనోన్, నాండ్రోలోన్ అనే నిషిద్ధ స్టెరాయిడ్లు. 2022లో బొగోటాలో తిన్న మాంసమే కారణమని ఆమె చెప్పింది. 2023 డిసెంబరులో స్వతంత్ర ట్రైబ్యునల్ ఆ మాట నమ్మి వదిలేసింది. కాస్‌లో మెజారిటీ సభ్యులు నమ్మలేదు. ఒకే ఆట, ఒకే నియమావళి, ఒకే వారం.

నాండ్రోలోన్ అనగానే టెన్నిస్ ఎరిగినవాళ్లకు ఒక బల్గేరియా పిల్ల గుర్తుకు రావాలి. ఆటను నడిపే పెద్దలకు ఆమె ఊసే లేదు కాబట్టి మేమే గుర్తుచేస్తున్నాం.

సెసిల్ కరాటాంచెవా. సోఫియాలో 1989 ఆగస్టులో పుట్టింది. ఫ్లోరిడాలో బొలెటియెరి టెన్నిస్ అకాడమీలో రాటుదేలింది. 2004లో ఫ్రెంచ్ ఓపెన్ బాలికల టైటిల్ గెలిచింది. మరుసటి ఏడాది అదే ఎర్రమట్టి మీద పెద్దల విభాగంలో దిగి మూడో రౌండులో వీనస్ విలియమ్స్‌ను మూడు సెట్లలో మట్టి కరిపించింది. అప్పటికి ఆమెకు 16 ఏళ్లు నిండలేదు. క్వార్టర్‌ఫైనల్లో ఎలెనా లిఖోవ్‌త్సెవా చేతిలో ఓడింది. మాన్యులా, కతెరీనా, మగ్దలీనా మలీవా అక్కచెల్లెళ్లు ముగ్గురినీ టాప్ టెన్‌లోకి పంపిన దేశం అది. మలీవాల తర్వాత ఎవరన్న ప్రశ్నకు జవాబు దొరికిందని అక్కడివాళ్లు సంబరపడ్డారు. ఆ నవంబరులో ఆమె ర్యాంకు 35. అదే ఆమె జీవితంలో అత్యుత్తమ ర్యాంకు. మన హైదరాబాద్ సానియా మీర్జాను నెత్తిన పెట్టుకున్నదీ ఆ 2005లోనే కాబట్టి, టీనేజీ ఆటగత్తె ఒక్కసారిగా పైకి లేస్తే దేశం ఎలా ఊగిపోతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ పారిస్ నమూనాలోనే నాండ్రోలోన్ దొరికింది. జులైలో పోటీల బయట తీసిన మరో నమూనాలోనూ దొరికింది. అది శరీరంలోనే సహజంగా పుట్టిందని ఆమె తరఫువాళ్లు వాదించారు. దొరికిన మోతాదుకు ఆ వాదన అతకదని ట్రైబ్యునల్ తోసిపుచ్చింది. ఆ వాదనలోని వైద్య వివరాలు, పదిహేనేళ్ల పిల్ల ఆంతరంగిక వివరాలు, తీర్పు ప్రకటించకముందే ప్రపంచ పత్రికలకెక్కాయి. వాటిని ఇక్కడ మళ్లీ రాయం. 2006 జనవరి 1 నుంచి రెండేళ్లు నిషేధించారు. జులైలో కాస్ ఆ శిక్షను ఖాయం చేసింది. పారిస్‌లో గెలిచిన మ్యాచ్‌ల పాయింట్లూ డబ్బూ పోయాయి.

ఆమె నిర్దోషి అని మేము అనడం లేదు. రెండు నమూనాలు రెండూ పాజిటివ్ అయ్యాయి, వివరణ నిలబడలేదు, శిక్ష పడింది. ఆనాటి నియమావళిలో తొలి తప్పుకు రెండేళ్లే రేటు. మా పేచీ ఆ తీర్పుతో కాదు, ఆ తూకపు రాయితో. పేరులేని పిల్లకు వాడిన రాయినే పేరున్నవాళ్లకూ వాడుతున్నారా?

సినర్ సంగతే చూద్దాం. 2024 మార్చిలో ఎనిమిది రోజుల తేడాతో తీసిన రెండు నమూనాల్లో క్లోస్టెబోల్ దొరికింది. అదీ నాండ్రోలోన్‌లాగే అనబాలిక్ స్టెరాయిడ్. ఫిట్‌నెస్ ట్రైనర్ ఇటలీలో మందుల షాపులో కొన్న స్ప్రేను ఫిజియో తన తెగిన వేలికి కొట్టుకున్నాడని, అదే చేత్తో, గ్లవుజుల్లేకుండా మసాజ్ చేశాడని వివరణ. ఆ వివరణ తప్పని మేము అనం. కానీ అది ఎంత త్వరగా తయారైందో చూడండి. తాత్కాలిక సస్పెన్షన్ నోటీసు అందిన పది రోజుల్లోపు అప్పీలు పెట్టుకుంటే పేరు బయటికి రాదు. రోజుల్లోనే స్ప్రే డబ్బా, వేలి గాయం, నిపుణుల నివేదికలు అన్నీ సిద్ధమయ్యాయి. సస్పెన్షన్లు ఎత్తేశారు. ఆటకు అంతరాయం లేదు, లోకానికి వార్త లేదు. ఆగస్టు 20న ట్రైబ్యునల్ ‘తప్పులేదు’ అన్న తర్వాతే జనానికి తెలిసింది. పోయినవి ఇండియన్ వెల్స్‌లోని 400 పాయింట్లు, 3,25,000 డాలర్లు.

అప్పుడు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ రంగంలోకి దిగి, ఏడాది నుంచి రెండేళ్ల నిషేధం కావాలని కాస్‌కు వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో అదే ‘వాడా’ విచారణకు ముందే రాజీపడి మూడు నెలలకు సరేనంది. ఫిబ్రవరి 9 నుంచి మే 4 దాకా. క్యాలెండరు తీసి చూడండి. ఆస్ట్రేలియన్ ఓపెన్ జనవరి 26న ముగిసింది, గెలిచింది ఆయనే. ఫ్రెంచ్ ఓపెన్ మే 25న మొదలైంది. మధ్యలో సొంత దేశంలో రోమ్ టోర్నీ మే 7న. గ్రాండ్‌స్లామ్ ఒక్కటీ పోలేదు. శిక్షకు ముహూర్తం పెట్టించినట్టే ఉంది.

స్వియాటెక్‌ది ఇంకా చిన్న కథ. 2024 ఆగస్టులో నిద్ర కోసం వాడిన మెలటోనిన్ మాత్రల్లో ట్రైమెటాజిడిన్ అనే నిషిద్ధ గుండె మందు కలిసిందని తేలింది. సెప్టెంబరు 12 నుంచి అక్టోబరు 4 దాకా గుట్టుగా ఆట మానేసింది. ఎందుకు మానేసిందో నవంబరు 28 దాకా ఎవరికీ చెప్పలేదు. శిక్ష నెల రోజులు. గుట్టుగా గడిపిన రోజులు పోగా మిగిలింది ఎనిమిది రోజులు. సిన్సినాటి డబ్బు 1,58,944 డాలర్లు వదులుకుంది. అదే ట్రైమెటాజిడిన్‌కు రష్యా స్కేటింగ్ బాలిక కమిలా వలీవాకు నాలుగేళ్లు పడ్డాయి. నమూనా తీసిన రోజున ఆమెకూ పదిహేనేళ్లే. ఆ కేసు వాస్తవాలు వేరు, ఆమె వివరణ నిలబడలేదు, ఒప్పుకుంటాం. నిలబడే వివరణ ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నదే మా ప్రశ్న.

‘ప్రతి కేసూ దాని వాస్తవాల మీదే తేలుతుంది, ర్యాంకులతో మాకు పనిలేదు’ అన్నది టెన్నిస్ నిఘా సంస్థ ఐటీఐఏ మాట. కాగితం మీద నిజమే. నేతిబీరకాయలో నెయ్యి కూడా పేరులో ఉంటుంది.

ఆచరణ ఎలా ఉంటుందో దగ్గరి నుంచి చూస్తే తెలుస్తుంది. మ్యాచ్ ముగిసి కోర్టు దిగగానే ఒక మనిషి వెంటపడతారు, కన్ను మరల్చరు. కిట్ క్రీడాకారిణే ఎంచుకోవాలి. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి, అదీ అదే లింగానికి చెందిన అధికారి కళ్లెదుట. దాన్ని తన చేత్తోనే ఎ సీసాలోకి 60, బి సీసాలోకి 30 చొప్పున పొయ్యాలి. మూత టకటకమంటూ బిగుసుకుంటుంది. ఇక పగలగొడితే తప్ప రాదు. మూత్రం మరీ పల్చగా ఉంటే మళ్లీ మొదటికే. వారం రోజుల్లో మింగిన మాత్రలన్నీ ఫారంలో రాసి సంతకం పెట్టాలి. సీసా ల్యాబుకు పేరుతో వెళ్లదు, నంబరుతో వెళ్తుంది. అక్కడిదాకా సమానత్వానికి లోటు లేదు. నాండ్రోలోన్ ఒంట్లో విరిగి మూత్రంలోకి వచ్చే 19-నార్‌ఆండ్రోస్టెరోన్, కరాటాంచెవా నాటి నియమంలో, మిల్లీలీటరుకు 2 నానోగ్రాములు దాటితే కేసే. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఆ యంత్రానికి సినర్ ఎవరో, కరాటాంచెవా ఎవరో తెలియదు.

నంబరు పేరుగా మారిన రోజు నుంచే తేడా మొదలవుతుంది. నియమం ప్రకారం ఒంట్లోకి ఎలా వచ్చిందో నిరూపించాల్సింది క్రీడాకారులే. స్టెరాయిడ్ కేసులో కావాలని వాడలేదని చూపలేకపోతే ఇప్పుడు నాలుగేళ్లు. చూపాలంటే ఏం చేయాలి? మింగిన ప్రతి సప్లిమెంటు డబ్బా పారెయ్యకుండా దాచాలి. బ్యాచ్ నంబరు రాసిపెట్టుకోవాలి. అదే బ్యాచ్‌లో మూత తెరవని డబ్బా మరొకటి సంపాదించాలి. ఎందుకంటే తెరిచిన డబ్బాలో మీరే కలిపి ఉండొచ్చంటారు. గుర్తింపున్న ల్యాబుకు పంపాలి, వెంట్రుకలు పరీక్ష చేయించాలి, దొరికిన మోతాదు మీ కథకు సరిపోతుందని రాసిచ్చే శాస్త్రవేత్తను పట్టుకోవాలి. ఇదంతా తెలిసిన లాయరు కావాలి. పేరు గుట్టుగా ఉండాలంటే తొలి పది రోజుల్లోనే కావాలి. వెంట ట్రైనరు, ఫిజియో, మేనేజరు, వకీళ్లు ఉన్నవాళ్లకు ఇది కష్టమే కానీ సాధ్యం. డబుల్స్ ఆడుకుంటూ ఊళ్లు తిరిగే మూర్‌కు? డబ్బా అయితే దాస్తారు, మూడు రోజుల కిందట తిన్న మాంసం ముక్కను ఎవరు దాస్తారు? నిర్దోషి అన్న మొదటి తీర్పు వచ్చేసరికే ఆమెకు 19 నెలల ఆట పోయింది. దాని మీద ఐటీఐఏ అప్పీలుకు వెళ్లింది. సినర్‌కు అనుకూలంగా వచ్చిన తీర్పు మీద అదే ఐటీఐఏ వెళ్లలేదు. వెళ్లిన ‘వాడా’ రాజీపడింది. రెండు సంస్థలు, రెండు నిర్ణయాలు, లబ్ధి మాత్రం ఒకవైపే.

పెద్ద పేరున్నా అన్నిసార్లూ గట్టెక్కరు, అదీ చెప్పాలి. మాజీ నంబర్‌వన్ సిమోనా హలెప్‌ను 2022 అక్టోబరులో ఆపేశారు, నాలుగేళ్లన్నారు, చివరికి 2024 మార్చిలో కాస్ తొమ్మిది నెలలే చాలంది. అప్పటికి ఏడాదిన్నర గడిచిపోయింది. 2025 ఫిబ్రవరిలో ఆట మానేసింది.

పిల్లల విషయానికొస్తే ఈ ఆట రెండు నాలుకల తీరు మరీ ఎబ్బెట్టు. పదిహేనేళ్ల అమ్మాయి ఏడాదికి ఎన్ని టోర్నీలు ఆడాలో మహిళల టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ లెక్కగట్టి పరిమితి పెడుతుంది, లేత ప్రాణం అలిసిపోతుందని. అదే అమ్మాయి నమూనా పాజిటివ్ అయితే 2006లో పెద్దల శిక్షే వేశారు, పెద్దల్లాగే బజారుకెక్కింది. తప్పు తెలిసొచ్చినట్టుంది, ఇప్పటి నియమావళిలో 16 నిండనివాళ్లు ‘రక్షిత వ్యక్తులు’. పెద్ద నిర్లక్ష్యం లేదని చూపగలిగితే శిక్ష మందలింపు నుంచి రెండేళ్ల లోపు. మందు ఒంట్లోకి ఎలా వచ్చిందో నిరూపించాల్సిన భారమూ వాళ్లకు లేదు. పేరు విధిగా ప్రకటించాలనీ లేదు. కరాటాంచెవా కేసు ముగిసిన చాలా ఏళ్లకు వచ్చిన తెలివి ఇది.

2008లో తిరిగొచ్చేసరికి కరాటాంచెవా చేతిలో ఏముంది? ర్యాంకింగ్ పాయింట్లకు ఆయుష్షు 52 వారాలు. రెండేళ్ల తర్వాత మిగిలేది సున్నా. గాయపడితే, బిడ్డను కంటే రక్షిత ర్యాంకు ఉంటుంది, నిషేధానికి ఉండదు. చిన్న టోర్నీల క్వాలిఫయింగ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అక్కడ తొలి రౌండులో ఓడితే వచ్చే డబ్బు రానుపోను ఖర్చులకు చాలదు. తర్వాత కొన్నేళ్లు కజకిస్థాన్ తరఫున ఆడింది, 2014లో మళ్లీ బల్గేరియాకు వచ్చింది. ఆ 35 మళ్లీ కంటికి కనపడలేదు. ఇప్పుడు మారియా షరపోవాను చూడండి. 2004 ఇండియన్ వెల్స్‌లో కరాటాంచెవాను ఓడించింది ఈమే. మెల్డోనియం అనే నిషిద్ధ మందు కేసులో 15 నెలల నిషేధం తీరిన రోజునే, 2017 ఏప్రిల్ 26న, స్టుట్‌గార్ట్‌లో వైల్డ్‌కార్డుతో, అంటే ర్యాంకుతో పనిలేకుండా నిర్వాహకులిచ్చే ప్రవేశంతో, దిగింది. టోర్నీ సోమవారం మొదలైంది. ఆమె తొలి మ్యాచ్‌ను మాత్రం బుధవారానికి పెట్టారు, నిషేధం ముగియాలి కదా! ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ ఒక్కటే వైల్డ్‌కార్డు ఇవ్వనని ముఖం మీద చెప్పింది. వెన్నెముక చూపిన ఆ నిర్ణయాన్ని అప్పుడూ మెచ్చుకోవాలి, ఇప్పుడూ మెచ్చుకోవాలి.

అత్తకో న్యాయం, కోడలికో న్యాయం అని మన ఇళ్లలో అనుకునే మాట లుసాన్ దాకా వర్తిస్తుందని తెలిసి మాకు సంతోషమేమీ లేదు. సినర్ కేసులో జరిగినదాంట్లో తప్పుపట్టాల్సింది అతనికి దక్కిన వేగాన్నీ, గోప్యతనూ, మర్యాదనూ కాదు. అవి ర్యాంకు 400 దగ్గర ఉన్న అమ్మాయికి దక్కకపోవడాన్ని. పాజిటివ్ వచ్చిన రోజునే ప్రతి ఒక్కరికీ ఉచిత లాయరును కేటాయించండి. సప్లిమెంటు, మాంసం, వెంట్రుకలు, ఏ పరీక్షైనా తొలి నివేదిక ఖర్చు ఆటే భరించాలి. రాజీ కుదిరితే ఏ లెక్కన కుదిరిందో పేజీల కొద్దీ ప్రచురించండి. నిషేధాన్ని టోర్నీల సందుల్లో ఇరికించకుండా కనీసం ఒక గ్రాండ్‌స్లామ్‌ను మింగేలా పెట్టండి. డబ్బు లేదని మాత్రం అనకండి. 2025 వింబుల్డన్‌లో మొత్తం 5.35 కోట్ల పౌండ్లు పంచారు, సింగిల్స్ విజేతలకు తలా 30 లక్షలు. అంత పంచిన ఆట ఒక డబుల్స్ అమ్మాయి తిన్న మాంసం సంగతి తేల్చడానికి మూడేళ్లు పైగా తీసుకుని, ఆమెకు 32 ఏళ్ల వయసులో నాలుగేళ్ల శిక్ష చేతిలో పెట్టింది. సిగ్గుపడాల్సిన పెద్దలు ఇంకా సెంటర్ కోర్టు ఫొటోలు చూసుకుని మురిసిపోతున్నారు.