బార్బేరియన్ల కార్యదక్షతపై ఒక మనవి

నెల్లూరు ట్రంక్ రోడ్డు సందుల్లో పిలకాయలు గానీ, ఒంగోలు హాస్టల్ గదుల్లో ఇంజినీరింగ్ కుర్రాళ్లు గానీ, ఊళ్లు కట్టి రాజ్యం పెంచే సివ్ 6 (సివిలైజేషన్ 6) అనే కంప్యూటర్ ఆటలో నలభయ్యో టర్న్‌కే, అంటే నలభయ్యో వంతుకే, చేతులెత్తేశారంటే చెప్పే కారణం ఒక్కటే: "బార్బేరియన్లు ముంచేశార్రా!" బార్బేరియన్లంటే ఏ దేశానికీ చెందని, ఆటే నడిపే దోపిడీ గుంపులు. వాళ్ల మీద విచారణ లేదు, రెండో పక్షం వాదన వినేదీ లేదు. 1991లో మొదటి సివిలైజేషన్ ఆట వచ్చినప్పటి నుంచీ ఆ అమాయకుల మీద పడుతున్న నింద ఇది. ఆట మొత్తంలో పద్ధతి ప్రకారం నడిచే శాఖంటూ ఉంటే అది బార్బేరియన్లదేనని ఆధారాలతో సహా మనవి చేసుకుంటున్నాం.

మొదట స్థలం సంగతి. బార్బేరియన్ క్యాంపు ఎవరి చూపూ పడని గడిలోనే మొలుస్తుంది. ఒకరి హద్దులోకి వచ్చి గుడిసె వేయడం వాళ్ల వంశంలో లేదు. చెరువు పోరంబోకులో రాత్రికి రాత్రి హద్దురాళ్లు పాతి ప్లాట్లు అమ్మే నాగరికుల మధ్య బతికేవాళ్లకు ఈ మర్యాద కొత్తగా ఉండొచ్చు. క్యాంపు రాకూడదనుకుంటే యుద్ధం అక్కర్లేదు, చూస్తూ ఉంటే చాలు. మన చూపు పడక చీకటి మిగిలిన వైపు ఒక కొండ మీద వారియర్‌నో (కాలిబంటు) స్కౌట్‌నో (దారులు వెతికేవాడు) కూర్చోబెట్టండి. వాడి చూపు ఆనినంత మేరా క్యాంపు పుట్టదు. ఉదయగిరి దుర్గం అంత ఎత్తున ఎందుకు కట్టారో తెలిసిన జిల్లా వాళ్లకు ఇది విడమర్చి చెప్పాల్సి రావడమే విచిత్రం. మనవాళ్లేమో ఉన్న ఒక్క వారియర్‌నీ ఖండం ఆ చివరికి తోలి, ఇంటి వెనక చీకటిని అలాగే వదిలేసి, అక్కడ క్యాంపు లేచాక ఆట మోసం చేసిందంటారు.

తర్వాత సర్వే. క్యాంపు నుంచి మొదట వచ్చేది సైన్యం కాదు, ఒక స్కౌట్. వాడే వాళ్ల సర్వేయరు. కాళ్లరిగేలా తిరిగి మన ఊరు ఎక్కడుందో చూసుకుంటాడు. చూడగానే వాడి నెత్తిన ఆశ్చర్యార్థకం వెలుగుతుంది. అది మనకు ముందస్తు నోటీసన్నమాట. ఇంకా తాఖీదు తెచ్చి తలుపుకు అంటించమంటారా? అక్కణ్ణుంచి వాడు నేరుగా క్యాంపుకు పోతాడు. దారిలో టీ తాగడు, ఫైలును ఏ బల్ల మీదా ఆపడు. వాడు చేరిన కాసేపటికే క్యాంపు పక్కన మనుషులు పుట్టడం, వరసకట్టి మన ఊరి మీదికి రావడం మొదలవుతుంది.

కాబట్టి కథంతా ఆ స్కౌట్ ఇల్లు చేరడంలోనే ఉంది. వాడి బలం 10, మన వారియర్ బలం 20. అయినా చిక్కడు, ఎందుకంటే వాడు టర్న్‌కు మూడు గడులు నడిస్తే మనవాడు రెండే నడుస్తాడు. వెనకపడి తరిమితే బస్సు పోయాక స్టాండులో పరిగెత్తినట్టే. చేయాల్సింది ఏమంటే, క్యాంపు ఏ దిక్కున ఉందో చూసుకుని, వాడికీ క్యాంపుకూ నడుమ వారియర్‌ను నిలపాలి. సముద్రమో కొండో అడ్డం ఉన్న వైపుకు వాణ్ణి నెట్టి, రెండో వైపున స్లింగర్‌ను, అంటే వడిసెలవాణ్ణి, పెట్టాలి. స్లింగర్ ఖరీదు 35 ఉత్పత్తే (ఊరు చేసే పని లెక్క), రాయి విసిరితే బలం 15. కానీ పక్క గడికే అందుతుంది, వాడి మీద ఎవరైనా పడితే తట్టుకునే బలం 5. అందుకని స్లింగర్ ఎప్పుడూ వారియర్ వెనకే ఉండాలి, ముందు కాదు. స్లింగర్ చేతిలో ఏ ప్రాణి చచ్చినా ఆర్చరీకి (విలువిద్యకు) యురేకా అనే రాయితీ వస్తుంది, అంటే ఆ విద్యలో 40 శాతం ఉచితం. సర్వేయరు తన చావుతో కూడా మనకు చదువు చెప్పి పోతున్నాడు. ఇంతటి త్యాగానికి కృతజ్ఞత చెప్పినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు.

చెడు వార్తలు కూడా దాచకూడదు. క్యాంపు పక్కన గుర్రాలుంటే అందులోంచి గుర్రపువాళ్లు వస్తారు. మన దగ్గర ఇంకా గుర్రం ఎక్కే విద్యే లేని కాలంలో హార్స్‌మెన్ దిగుతారు. వాళ్లను ఆపాలంటే ఈటెవాడు కావాలి: వాడి బలం 25, గుర్రం ఎదురైతే దానికి ఇంకో 10 కలిసి 35. ఈటెవాడు రావాలంటే బ్రాంజ్ వర్కింగ్ (కంచు పని) అనే విద్య నేర్చుకోవాలి. బ్రాంజ్ వర్కింగ్ తొందరగా రావాలంటే? ముగ్గురు బార్బేరియన్లను చంపాలి. ఆదాయ ధ్రువీకరణకు రేషన్ కార్డు, రేషన్ కార్డుకు ఆదాయ ధ్రువీకరణ అడిగే చోట తిరిగిన వాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఏమీ కనపడదు. దారి లేదని కాదు. కోడ్ ఆఫ్ లాస్ అనే పాలనా విద్య రాగానే ప్రభుత్వ విధానాల పట్టీలో మిలిటరీ ఖాళీలో డిసిప్లిన్ కార్డు పెట్టండి. బార్బేరియన్ల మీద మనవాళ్లందరికీ 5 కలుస్తుంది. 20 బలం ఉన్న వారియర్ 25 అవుతాడు, అంటే క్యాంపు కాపలా కాసే ఈటెవాడికి సరిజోడు. తర్వాత కొండ మీదో అడవిలోనో వారియర్‌ను ఫోర్టిఫై చేసి (కదలకుండా కాపు పెట్టి) వదిలేయండి. రెండు టర్న్‌లు కదలకుండా కూర్చుంటే ఇంకో 6 కలుస్తుంది. మీద పడి కొట్టుకోవడం వాళ్లే చూసుకుంటారు, మన పని కూర్చోవడం. కూర్చోవడం మనవాళ్లకు ఎందుకు చేతకాదో అర్థం కాదు.

సివ్ 5 నుంచి వచ్చినవాళ్లకు ఇంకో భ్రమ ఉంది. అందులో ఊరు మొదటి రోజు నుంచే బాణాలు వేసేది. సివ్ 6లో ప్రాకారం కట్టేదాకా ఊరు చేతులు కట్టుకుని చూస్తుంది. దీనికి బార్బేరియన్లు బాధ్యులు కారు.

దెబ్బతిన్న వారియర్‌ను వెనక్కి పిలవడానికి మాత్రం మొహమాటపడొద్దు. నెల్లూరు సీమలో ఖడ్గతిక్కన యుద్ధం నుంచి వెనుదిరిగి వస్తే ఇంట్లో స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచారనీ, భోజనంలో విరిగిన పాలు పోశారనీ చెప్పుకుంటారు. ఆటలో ఆ ఇబ్బంది లేదు. ఊళ్లోకి వచ్చి పడుకుంటే టర్న్‌కు 20 చొప్పున ఆరోగ్యం తిరిగొస్తుంది. మన పొలిమేరలో 15, ఎవరిదీ కాని నేలలో 10. పాలు విరగవు. అయినా మన కుర్రాళ్లు 18 ఆరోగ్యం మిగిలిన వారియర్‌ను "ఇంకొక్క దెబ్బ" అంటూ క్యాంపులోకి తోస్తారు. తిక్కన తల్లిగారు చూస్తే మెచ్చుకునేవారేమో.

దోపిడీ సంగతికి వద్దాం. పొలాల్లో దిగి కయ్యలు తొక్కేస్తారు, గనులు పాడుచేస్తారు. నిజమే. కానీ బిల్డర్ (పొలాలూ గనులూ కట్టే పనివాడు) వెళ్లి బాగుచేస్తే అతని మూడు చార్జీల్లో, అంటే మూడు పనుల్లో, ఒక్కటీ ఖర్చు కాదు. ఇదే నెల్లూరు సీమలో కరువుకు తాళలేక కనిగిరి సీమ నుంచి ఆలమందలు తోలుకొచ్చిన కాటమరాజుకూ, నెల్లూరేలిన మనుమసిద్ధికీ పుల్లరి (మేత పన్ను) దగ్గర మొదలైన తగాదా యుద్ధం దాకా పోయిందని కథ. మందవాడికి అది మేత, రాజుకు అది దోపిడీ. ఆటలో బార్బేరియన్‌ను కూర్చోబెట్టి పుల్లరి ఎంతని అడిగే మీట చాన్నాళ్లు లేనేలేదు. 2021 ఫిబ్రవరిలో బార్బేరియన్ క్లాన్స్ అనే మోడ్ వచ్చాకే ఆ ముచ్చట తీరింది. అందులో బంగారం ఇచ్చి కొన్నాళ్లు మన జోలికి రాకుండా చేసుకోవచ్చు, వాళ్ల మనుషుల్ని కూలికి తెచ్చుకోవచ్చు, పక్క దేశం మీదికి ఉసిగొల్పొచ్చు. చాలాకాలం కదిలించకుండా వదిలేస్తే ఆ క్యాంపే సిటీ స్టేట్ (ఒంటి ఊరి చిన్న రాజ్యం) అయి కూర్చుంటుంది. అప్పుడు మనమే రాయబారుల్ని పంపి దణ్ణం పెట్టాలి. నాగరికత అంటే కాస్త ఎక్కువ రోజులు కదలకుండా ఉండటమేనని ఆట వాళ్లే ఒప్పుకున్నట్టు.

సముద్రం ఒడ్డున క్యాంపు పడితే గ్యాలీలు (తెడ్ల యుద్ధ ఓడలు) వస్తాయి, చేపల పడవల్ని చెడగొడతాయి. దీని మీద కోస్తా వాళ్లకు కోపం ఎక్కువ. మోటుపల్లిలో, అంటే మొన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న రేవులో, 1244లో కాకతి గణపతిదేవుడు అభయ శాసనం వేయించాడు. పూర్వపు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారనీ, ఇకమీదట సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ అందులో ఉంది. ఆ పూర్వపు రాజులెవరినీ ఎవరూ బార్బేరియన్లనలేదు. కిరీటం ఉంది గదా.

అసలు పొరుగు నాగరికుల తీరు చూడండి. 25 బంగారం ఖర్చుపెట్టి రాయబారి బృందాన్ని పంపుతారు. మన పరిపాలన బ్రహ్మాండమని పొగుడుతారు. నాలుగు టర్న్‌లు తిరక్కుండా సరిహద్దులో సైన్యం దింపి ఆకస్మిక యుద్ధం ప్రకటిస్తారు. బార్బేరియన్ ఏనాడైనా మనల్ని పొగిడాడా?

పైగా వాళ్లను వాడుకునేది మనం. క్యాంపును కావాలనే బతకనిచ్చి, వచ్చినవాణ్ణల్లా కొట్టి ఎక్స్‌పీ (యుద్ధానుభవం లెక్క) పెంచుకుందామని చూస్తాం. ఇది పసిగట్టే సివ్ 5లో ఒక్కో యూనిట్‌కు బార్బేరియన్ల నుంచి వచ్చే ఎక్స్‌పీకి 30 దగ్గర గీత గీశారు. సివ్ 6లోనైతే మొదటి ప్రమోషన్ దాటాక దెబ్బకు ఒకటే. దోచుకోవడానికి హద్దు పెట్టాల్సి వచ్చింది ఎవరికో గమనించగలరు.

కొత్త ఊరు కట్టే సెట్లర్ గురించి చెప్పకపోతే వాదన పూర్తి కాదు. మొదటి సెట్లర్‌కు 80 ఉత్పత్తి పడుతుంది, ఊళ్లో ఒక జనాభా తగ్గుతుంది. పది పన్నెండు టర్న్‌ల కష్టం. అంత సొమ్మును వారియర్ తోడు లేకుండా, ఎదుట ఏముందో తెలియని గడిలోకి పంపుతారు. బార్బేరియన్ చేయి పట్టుకుని క్యాంపుకు తీసుకుపోతాడు. చంపడు, అన్నం పెట్టి ఉంచినట్టు అక్కడే ఉంచుతాడు. క్యాంపు మీద పడి గెలిస్తే మనిషి మనకు దక్కుతాడు. తోడు పంపడం పెద్ద విద్యేమీ కాదు: సెట్లర్‌నూ వారియర్‌నూ ఒకే గడిలో కలిపి ఫార్మేషన్ మీట నొక్కితే ఇద్దరూ జతగా నడుస్తారు. అది కూడా సివ్ 6 వచ్చిన 2016 నుంచీ ఉంది.

2025లో వచ్చిన సివ్ 7లో బార్బేరియన్ అన్న పేరే తీసేశారు. ఇప్పుడు వాళ్లు స్వతంత్ర జనులు. ఇన్‌ఫ్లుయెన్స్ (పలుకుబడి లెక్క) ఖర్చుపెట్టి స్నేహం చేసుకోవచ్చు, చేసుకోకపోతే కొందరు పాత పద్ధతిలోనే వచ్చి పొలాల్లో దిగుతారు. ఒంగోలు హాస్టళ్లలో మాత్రం పాత పేరే వాడుకలో ఉంది. అక్కడ ఈ రాత్రి కూడా ఎవడో ఒకడి సెట్లర్, తోడు లేకుండా, చీకటి వైపు రెండో గడిలో అడుగుపెడుతూనే ఉంటాడు.