అడ్మిషన్ రిజిస్టర్ తెరవండి

ఇక్కడ అమెరికాలో మన సంఘం వేసే ఈ పత్రిక గత సంచికలో వైజాగ్ వన్‌టౌన్‌లోని మా హైస్కూల్ 1995 బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం ఫొటో వేశారు. కింద ‘ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒకే వేదికపై బ్యాచ్ అంతా’ అని రాశారు. ఆ ఫొటోలో నేనూ ఉన్నాను, రెండో వరసలో, ఆకుపచ్చ చీరలో. అందుకే చెప్తున్నాను, అది మా బ్యాచ్ అంతా కాదు. సగంమంది కూడా కాదు. రాలేక రానివాళ్ళు కొందరున్నారు. మిగతావాళ్ళని అసలు పిలవలేదు.

ముందు మంచి చెప్పాలి. కమిటీ వాళ్ళు నెలల తరబడి తిరిగారు. మా సోషల్ మాస్టారు మధురవాడలో కూతురి దగ్గర ఉంటున్నారు, నడవలేరు. కారు పంపించి, ఇద్దరు చెరోపక్కా పట్టుకుని స్టేజీ ఎక్కించారు. హిందీ టీచరుగారి కాళ్ళు కడిగి, పసుపు రాసి, శాలువా కప్పితే ఆవిడ ఒక్కొక్కరి మొహం తడిమి పేరు గుర్తు తెచ్చుకున్నారు. గురువు కాళ్ళకి దణ్ణం పెట్టే అలవాటు మనకి మిగిలినందుకు ఆ పూట ఎంత గర్వపడ్డానో! బడికి మంచినీళ్ళ ప్లాంటు కూడా పెట్టించారు. ఇవన్నీ నిజంగా గొప్ప పనులు, ఎవరినీ కించపరచడానికి నేను ఇది రాయడం లేదు.

సభ ప్రతిజ్ఞతో మొదలైంది. ‘భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు’ అని అందరం చెయ్యి చాపి చెప్పాం. ఆ ప్రతిజ్ఞ మన ఊళ్ళోనే పుట్టింది. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు రాశారు. ఆ రోజు దాన్ని చెప్పించింది న్యూజెర్సీ నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్, ఫోన్‌లో చూసి చదువుతూ. మా రోజుల్లో, ప్రతి ఉదయం అసెంబ్లీలో, చూడకుండా, గొంతు వణక్కుండా చెప్పించింది వేరే అమ్మాయి. మైకు అక్కర్లేని గొంతు. ఆ అమ్మాయి ఏమైందని పక్కనున్నవాళ్ళని అడిగాను. ‘తను టెన్త్ ఫెయిల్ కదా’ అన్నారు. అదే సమాధానం. ఇంకేమీ చెప్పలేదు.

ఆ వారంలోనే మార్గశిరం చివరి గురువారం అమ్మని తీసుకుని బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళాను. క్యూ కోసం తెల్లారకుండానే బయల్దేరాం. గుడి సందులో పసుపు, కుంకుమ, పూలు అమ్ముతున్న ఒకావిడ నన్ను చూసి తూకం ఆపేసింది. గొంతు విన్నాకే గుర్తుపట్టాను. తనే.

‘ఏటే, ఎప్పుడొచ్చీసావ్? మన బడి పండగ బాగా అయిందట కదా. మా ఆడపడుచు కొడుకు అక్కడ కుర్చీలు ఏసాడు, ఆడు సెప్పాడు.’

‘నువ్వెందుకు రాలేదే?’ అన్నాను.

‘నన్నెవులూ పిలవనేదు.’ కోపంగా అనలేదు. పొట్లం కట్టి అమ్మ చేతికిచ్చింది, డబ్బులు తీసుకోనంటే తీసుకోనంది. మా మాస్టార్లు ఎవరెవరు వచ్చారో ఒక్కొక్కరి పేరూ అడిగింది. సోషల్ మాస్టారికి నడక పోయిందంటే చాలాసేపు మాట్లాడలేకపోయింది. ఇంతలో బేరాలొచ్చాయి, క్యూ కదిలింది. సమ్మేళనం జరిగిన హాలుకీ తన కొట్టుకీ మధ్య నడక పది నిమిషాలుండదు.

ఆ గుళ్ళో అమ్మవారికి పైకప్పు లేదు. ఎవరి చేత్తో వాళ్ళే పసుపు పూసి, నీళ్ళు పోసి పూజ చేసుకోవచ్చు. కులం అడగరు. మా బడి కూడా ఆ పేటల మధ్యదే. హార్బర్‌లో వలలాగే వాళ్ళ పిల్లలు, పోర్టు కళాసీల పిల్లలు, కురుపాం మార్కెట్లో దుకాణాలవాళ్ళ పిల్లలు, మాలాంటి గుమాస్తాల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

మమ్మల్ని విడదీసింది రిజల్ట్స్ రోజు. ఈ తరానికి చెప్పాలి కాబట్టి చెప్తాను. అప్పుడు పదో తరగతి ఫలితాలంటే పేపరే. ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్, థర్డ్ క్లాస్ అని వేసి కింద హాల్ టికెట్ నంబర్లు వరసగా అచ్చేసేవారు. 600కి 360 వస్తే ఫస్ట్ క్లాస్. హిందీలో 20 వచ్చినా గట్టెక్కొచ్చు, మిగతా వాటిలో 35 రావాలి. ఫెయిలైన వాళ్ళ గురించి పేపర్లో ఒక్క ముక్క కూడా ఉండదు, నంబరు ఉండదంతే. ముందు నంబరూ వెనక నంబరూ ఉండి మధ్యలో తనది లేదని వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ వెతికిన పిల్లల్ని నేను చూశాను. సప్లిమెంటరీకి ఫీజు కట్టే స్తోమత ఉన్నవాళ్ళు కట్టారు. ఆడపిల్లలకి చాలామందికి సంబంధాలు చూసేశారు. మగపిల్లలు జెట్టీకి వెళ్ళారు.

పదిహేనేళ్ళ వయసులో పేపర్లో నంబరు లేని వాళ్ళకి, నలభై అయిదేళ్ళొచ్చాక మన లిస్టులో కూడా పేరు లేదు. నన్ను బాధపెట్టింది ఇదే.

కమిటీ వాళ్ళని అడిగాను. వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళకి చెప్పాం, వాళ్ళు తెలిసినవాళ్ళకి చెప్పారు అన్నారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ గ్రూపు మొదలైంది డాలస్‌లో. ఇంజనీర్లకి ఇంజనీర్లు తెలుస్తారు. పైగా మనిషికి 5,000 రూపాయల చందా పెట్టారు. పసుపు కుంకుమ అమ్ముకునే మనిషి అంత ఇచ్చి భోజనానికి రాగలదా? ‘పిలిస్తే వాళ్ళే ఇబ్బంది పడతారు’ అని ఇంకొకరన్నారు. ఆ ఇబ్బంది వాళ్ళది కాదు, మనదని నా నమ్మకం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఫోన్లు పనిచేయక మనమందరం ఇక్కడ నిద్రల్లేకుండా ఉన్నాం. మా అమ్మ దగ్గరికి చెట్లు దాటుకుంటూ నీళ్ళ క్యాను మోసుకెళ్ళింది హార్బర్‌లో పనిచేసే మా క్లాస్‌మేటే. అతనూ ఆ ఫొటోలో లేడు. అతని అడ్రస్ తెలియదని ఎలా అంటాం?

ఊళ్ళో వాళ్ళనే అంటే అన్యాయమవుతుంది. ఈ అలవాటు మనం ఇక్కడికి కూడా తెచ్చుకున్నాం. ఏటా మన సంఘం హైస్కూల్ గ్రాడ్యుయేట్లకి చేసే సత్కారంలో పిల్లల పేరు పక్కనే కాలేజీ పేరు చదువుతాం. పెద్ద కాలేజీ అయితే చప్పట్లు ఎక్కువ. కమ్యూనిటీ కాలేజీలో, అంటే తక్కువ ఫీజుండే రెండేళ్ళ స్థానిక కాలేజీలో, చేరబోయే అబ్బాయి తల్లి ‘మావాణ్ణి పిలవకండి వదినా’ అని నాతో అంది. వాడు చిన్నప్పట్నుంచీ మన ఉగాది నాటకాలకి తెర లాగిన పిల్లాడు. ఈసారి కాలేజీ పేర్లు చదవొద్దు. పన్నెండేళ్ళ బడి పూర్తయినందుకే దండ వేద్దాం.

ఇక వైజాగ్ సంగతి. ప్రతి బడిలోనూ అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది, దాన్ని పారేయరు. చేరిన ప్రతి పిల్లా, పిల్లాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులో ఉంటాయి. పాసా ఫెయిలా అన్నదానితో పని లేదు. ఆడపిల్లలు ఫేస్‌బుక్‌లో దొరక్కపోవడానికి కారణం పెళ్ళితో ఇంటిపేరు మారడం. రిజిస్టర్లో పుట్టింటి పేరే ఉంటుంది కాబట్టి ఆ పేట కెళ్ళి ‘ఫలానా వారి అమ్మాయి’ అంటే ఎవరో ఒకరు చెప్తారు. మన ఊళ్ళో ఇంకా చెప్తారు.

డిసెంబర్లో పెట్టడం మనకి సెలవులని. ఆ నెలలో బోట్లు సముద్రం మీద ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. జూన్ మొదటి వారానికి ఇక్కడ కూడా చాలా బడులకి సెలవులిచ్చేస్తారు. ఎండగా ఉంటుంది, నిజమే. సాయంత్రం పెట్టుకుందాం, బడి ఆవరణలోనే. చందా ఇవ్వగలిగిన వాళ్ళం ఇద్దాం, మిగతావాళ్ళ దగ్గర అడగొద్దు. మొమెంటోలు మానేస్తే ఆ డబ్బు భోజనాలకి సరిపోతుంది.

1996 బ్యాచ్ వాళ్ళు కూడా సమ్మేళనం తలపెట్టారని, వాళ్ళలో చాలామంది మన సంఘం సభ్యులేనని తెలిసింది. అన్నయ్యలూ, వదినలూ, తమ్ముళ్ళూ, మీరందరూ డబ్బు పంపేవాళ్ళు, మీ మాట వింటారు. డబ్బు పంపేముందు రిజిస్టర్ చూశారా అని ఒక్కసారి అడగండి. చూడలేదంటే, చూశాకే పంపండి. వన్‌టౌన్ పేటల్లో తిరిగి మనుషుల్ని వెతకడానికి బురుజుపేటలో పసుపు కొట్టున్న మా స్నేహితురాలు సిద్ధంగా ఉంది. మొన్న ఫోన్‌లో మాట్లాడితే, ఎవరు ఏ వీధిలో ఉన్నారో అప్పటికప్పుడే చెప్పడం మొదలుపెట్టింది.